అన్నయ్యతో నేనన్న మాట

అమ్మలూ,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నా. నీ కథ పత్రికలో వచ్చిన వారం మీ పెదనాన్న ఫోన్ చేసి, పెళ్లి కావలసిన పిల్ల ఇలాంటివి రాస్తే సంబంధాలు ఎవడు తెస్తాడని అరగంట తిట్టాడు. నేనేమన్నానో మీ అమ్మ నీకు చెప్పే ఉంటుంది. "చిన్నపిల్ల, తెలియక రాసింది అన్నయ్యా" అన్నాను. నీకు 27 ఏళ్లు. తెలియక రాయలేదని నాకు బాగా తెలుసు.

ఆ రాత్రి నిద్ర పట్టక, రచయిత చలం చింతా దీక్షితులు గారికి రాసిన ఉత్తరాల పుస్తకం అటక మీద నుంచి దించాను. చలం అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆయన నవల 'మైదానం'. ఇంటర్‌లో ఫిజిక్స్ పుస్తకం మధ్య పెట్టుకుని చదువుతుంటే మీ తాతయ్యకి దొరికిపోయాను. కొట్టలేదు గానీ లాక్కున్నాడు, మళ్లీ వారానికి ఇచ్చాడు. ఈలోపు అట్టకి కొత్త పేపరు వేసి ఉంది, తనూ చదివేశాడని నా అనుమానం!

ఆ నవలలో రాజేశ్వరి భర్తని వదిలేసి అమీర్‌తో వెళ్లిపోవడం ఆయన రాసింది 1927 ప్రాంతంలో, అదీ స్కూళ్ల తనిఖీ ఉద్యోగం చేసుకునే మనిషి. ఇక జనం ఊరుకుంటారా? కానీ ఈ ఉత్తరాల్లో నాకు కనిపించింది ఊరందరినీ ఎదిరించిన చలం కాదు. ఒకచోట దేవుడి మీద నమ్మకం, ఇంకోచోట అదే దేవుడి మీద అనుమానం, ఇంట్లో వాళ్ల గొడవలు, తన మీద తనకే విసుగు, అన్నీ దాచుకోకుండా రాసుకుంటూ పోయాడు. ఎవరికి? పిల్లలకి పాటలూ కథలూ రాసుకునే నెమ్మదైన మనిషికి. ఇద్దరి రాతలకీ పోలికే లేదు, అయినా చలాన్ని రమణ మహర్షి దగ్గరికి నడిపించింది ఆ దీక్షితులు గారే.

"చూశావా, అంత రాసినవాడు చివరికి ఆశ్రమం చేరాడు" అని అన్నయ్య లాంటివాళ్లు అంటుంటారు, ఓడిపోయి లొంగిపోయినట్టు. 1950లో, మహర్షి పోయిన ఏడాదే, చలం అరుణాచలం వెళ్లిపోయిన మాట నిజం. 1979లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. అయితే ఏమిటి? అలసిపోయి వెళ్లాడని కొందరంటారు. నాకు మాత్రం, ముందు పెళ్లినీ సంఘాన్నీ నిలదీసినవాడు తర్వాత తన మనసునీ అలాగే నిలదీసుకున్నాడు అనిపిస్తుంది. నువ్వు చదివి నాది తప్పంటే అను, దెబ్బలాడుకుందాం.

ఆయనే పిల్లల్ని పెంచడం మీద 'బిడ్డల శిక్షణ' అని పుస్తకం రాశాడు, తెలుసుగా. నువ్వు పుట్టిన ఏడాది కొన్నాను. పిల్లల్ని భయపెట్టకూడదన్న చోటల్లా పెన్సిల్‌తో గీతలు కూడా గీసుకున్నాను. అన్ని గీతలు గీసినవాణ్ని, ఒక్క ఫోన్‌కి టెన్షన్ పడి నీ తరఫున క్షమాపణ చెప్పేశాను. నువ్వు చెప్పమన్నావా?

నిన్న నేనే అన్నయ్యకి ఫోన్ చేశాను. "అది తెలిసే రాసింది, నేను అప్పుడన్నది తప్పు" అన్నాను. ఏమీ మాట్లాడకుండా పెట్టేశాడు. సంక్రాంతికి పిలుస్తాడో లేదో. మీ అమ్మకి అదొక బెంగ.

ఆ ఉత్తరాల పుస్తకం కొరియర్‌లో వేశాను. అట్ట ఊడిపోయింది, రబ్బరు బ్యాండ్ తీసేటప్పుడు జాగ్రత్త. ఇంకో మాట, నీ కథలో ఆ అత్తగారి పాత్ర మాత్రం కుదరలేదు. ఎక్కడ కుదరలేదో ఫోన్ ఎత్తితే చెప్తా.

నాన్న