టీచరమ్మ గారికి వందనాలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. బెంగళూరు కె.ఆర్. పురంలోని మా తెలుగు సహవాసంలో నేను నాలుగేళ్లుగా వాక్యం చెబుతున్నాను. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక, అనంతపురం నుంచి వచ్చి ఇక్కడ తాపీ పని చేసుకునే ఒక అన్న నా చెయ్యి పట్టుకుని "ఈరోజు మొత్తం అర్థమైంది బ్రదర్" అన్నాడు. ఆ మాట మా సంఘంలోని రిటైర్డ్ టీచరమ్మ గారికే చెందాలి. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు.

ఇంతకుముందు నా ప్రసంగమంటే ఆదికాండం నుంచి ప్రకటన దాకా ఇరవై వచనాలు. పేజీలు తిప్పుకోవడంతోనే వాళ్లకి సరిపోయేది. టీచరమ్మ నన్ను ఇంటికి పిలిచి, ఫోన్‌లో రికార్డు చేసిన నా ప్రసంగం నాకే వినిపించారు. "స్తోత్రం చెప్పండి" అని నలభై నిమిషాల్లో ముప్పైసార్లు అన్నాను. "ఊపిరి తీసుకోవాల్సిన చోట ఆ మాట వేస్తున్నావు నాయనా. ఊరికే ఆగు, వాళ్లు వింటారు" అన్నారు.

తర్వాత ప్రతి గురువారం సాయంత్రం లూకా సువార్త 15వ అధ్యాయం ఒక్కటే చదివాం. ఇల్లు వదిలిపోయి తిరిగొచ్చిన చిన్న కుమారుణ్ణి తండ్రి కౌగిలించుకుని విందు చేసే కథ అందులోనే ఉంది. చిన్న కుమారుడు ఆస్తిని "దుర్వ్యాపారమువలన" పాడుచేశాడని మన బైబిల్లో ఉంది కదా. దానికి అర్థమేమిటని ఆదివారం పిల్లల్ని అడగమన్నారు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు, బిజినెస్‌లో నష్టం వచ్చిందన్నారు! చెడు తిరుగుళ్లని నాకు తెలుసు, నాలుగేళ్లలో ఒక్కసారీ విప్పి చెప్పలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ధర్మశాస్త్రం చదివి, జనానికి తెలిసేలా అర్థం చెప్పారని నెహెమ్యా 8:8లో ఉంది. ఆ వచనం ఇప్పుడు నా నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను.

పెద్ద కుమారుణ్ణి చూపించింది కూడా ఆమే. పాపులతో కలిసి భోంచేస్తున్నాడని పరిసయ్యులు, అంటే ధర్మశాస్త్రం విషయంలో పట్టింపుగా ఉండే యూదులు, సణుక్కుంటే యేసు చెప్పిన కథ ఇది. తమ్ముడికి విందు చేశారని అలిగి బయట నిలబడ్డ అన్న లోపలికి వెళ్లాడో లేదో చెప్పకుండానే యేసు కథ ఆపేశారు. నేనైతే ఎప్పుడూ తండ్రి కౌగిలి దగ్గరే ముగించేవాణ్ణి. మొన్న ఆ గుమ్మం దగ్గరే ఆపి, మౌనంగా నిలబడ్డాను. హాలంతా నిశ్శబ్దం.

టీచరమ్మా, మీ ఓపికకు నా కృతజ్ఞతలు. మాకు టీ పెట్టిచ్చి, పక్క గదిలో నాకోసం ప్రార్థన చేసిన సార్‌కి కూడా. వచ్చే ఆదివారం బైబిల్లోని యోనా గ్రంథం మొదలుపెడుతున్నాను. నాలుగు అధ్యాయాలు, నాలుగు వారాలు. అదీ ప్రశ్నతోనే ముగుస్తుంది. గురువారం వస్తాను టీచరమ్మా.