ఇటుక సందుకు సిమెంటు అతుకు వద్దు

సంపాదకుడు గారికి,

విజయనగరం పాతబస్తీలో ఇటుక పరుపు మిగిలిన సందులను కుళాయి గొట్టాల కోసం తవ్వి, పైన సిమెంటు పోసి వదిలేయకండి. సిమెంటు నీళ్లను ఇంకనివ్వదు. అతుకు అంచున నీరు చేరి, కింది ఇసుకను కడిగేస్తుంది. పక్క ఇటుకలు దిగబడతాయి.

తవ్వేముందు గోతికి రెండువైపులా అదనంగా ఒక్కో వరస ఇటుకలు గునపంతో కాకుండా చేత్తో తీసి పేర్చాలి. గొయ్యిని ఒకేసారి పూడ్చకూడదు. జానెడుకు మించకుండా పొరలు వేసి, తడిపి దిమ్మిసతో కొట్టాలి. తొందరపడితే తొలి వానకే కుంగుతుంది. దానిపై అంగుళం ముతక ఇసుక పరిచి, కాలువ వైపు మీటరుకు 2 సెంటీమీటర్ల వాలుతో ఇటుకలను పక్కకు నిలబెట్టి పేర్చాలి. ఇటుకల మధ్య ఖాళీల్లోకి పొడి ఇసుక ఊడ్చాలి. వానలయ్యాక మళ్లీ ఒకసారి. అంచు వరస కదిలితే మిగతాదేదీ నిలవదు.

కొత్త ఇటుక కొడితే ఖంగుమనాలి. 24 గంటలు నానబెడితే బరువు నూటికి 15 వంతులకు మించి పెరగకూడదు. పాచికి యాసిడ్ వద్దు, కొబ్బరి పీచు, నీళ్లు చాలు.

ధనుర్మాసం ముగ్గు తడి ఎర్ర ఇటుక మీద తేలినట్టు సిమెంటు మీద తేలదు. తవ్వకానికి అనుమతి ఇచ్చే కాగితంలోనే ఇటుకలు తిరిగి పేర్చాలన్న షరతు రాయమని పురపాలక అధికారులను కోరుతున్నాం.

– తాపీ పనివారు, విజయనగరం