బాలిసాంగ్ ఇచ్చేయ్, కర్ర మాత్రం వదలకు

రాజమండ్రి,
సోమవారం రాత్రి

చిట్టితల్లీ,

నిన్న వీడియో కాల్‌లో నువ్వు ఆ బాలిసాంగ్ మడతకత్తిని గిరగిరా తిప్పి చూపిస్తుంటే నేనేమీ అనలేదు. నాన్న పక్కనే ఉన్నారు, ఆయనకు టెన్షన్ పెట్టడం ఇష్టంలేక ఊరుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే సగమే వింటావు, అందుకే రాస్తున్నాను.

కర్రా కత్తీ తిప్పే ఆ ఫిలిప్పీన్స్ యుద్ధవిద్య ఎస్క్రిమాని నువ్వు నేర్చుకోవడం నాకు సంతోషమే. మెడిసిన్ చదవమని పంపితే కర్రలు తిప్పుతోందేమిటని మీ అత్త అడిగింది. ఫిలిప్పీన్స్‌లో, అందులోనూ సెబూలో ఉండి అది నేర్చుకోకపోతే ఇంకెక్కడ నేర్చుకుంటుందన్నాను. 1932లో డోసే పారెస్ అనే ఎస్క్రిమా సంఘం పెట్టింది ఆ ఊళ్లోనే అనీ, బాలింతావాక్ అనే ఎస్క్రిమా పద్ధతికి ఆ పేరు అక్కడి వీధి నుంచే వచ్చిందనీ నువ్వే కదా చెప్పావు. 2009లో చట్టం చేసి మరీ ఆర్నిస్‌ను, అంటే ఇదే విద్యను, తమ జాతీయ యుద్ధకళగా ప్రకటించుకున్నారంటే వాళ్లకు దానిమీద ఎంత ప్రేమో! మా చిన్నప్పుడు దసరాకి మీ తాతయ్య కర్రసాము చేస్తుంటే నేను అరుగు మీద కూర్చుని చూసేదాన్ని. ఆడపిల్లల చేతికి కర్ర ఇచ్చేవారు కాదు. నీ చేతిలో పేముకర్ర చూసినప్పుడల్లా నాకు ఆ అరుగు గుర్తొస్తుంది.

ఇక కత్తి సంగతి. ఇరవై రెండేళ్లు క్యాజువాల్టీలో డ్యూటీ చేశాను. కత్తి గాయాలతో వచ్చేవాళ్లలో చాలామందికి చేతులు కూడా తెగి ఉండేవి. అడ్డం పెట్టిన ముంజేతి మీద, కత్తిని పట్టుకోబోయిన అరచేతిలో, వేళ్ల సందుల్లో కోతలు. వాళ్లు బలం లేనివాళ్లు కాదు. ఒక కుర్రాడు నడుచుకుంటూ వచ్చి, "గుద్దాడనుకున్నాను సిస్టర్, చొక్కా తడిశాకే తెలిసింది" అన్నాడు. ఆ మాట నాకిప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

మీ క్లాసులో ఎదుటివాడు ఒక్క పోటు పొడిచి చెయ్యి అక్కడే ఆపుతాడు. నువ్వు వాడి మణికట్టు తిప్పి కత్తి లాగేస్తావు. చూడ్డానికి బాగుంటుంది. బయట పొడిచేవాడు చెయ్యి ఆపడు తల్లీ. వెనక్కి లాగి మళ్లీ మళ్లీ పొడుస్తాడు, రెండో చేత్తో నీ జుట్టు పట్టుకుంటాడు. నామీద నమ్మకం లేకపోతే ఒక పని చెయ్యి. పాత తెల్ల టీషర్ట్ వేసుకో, రబ్బరు కత్తి అంచుకి లిప్‌స్టిక్ పూసి నీ ఫ్రెండ్‌కివ్వు, ఇష్టమొచ్చినట్టు పొడవమను. ఒక్క నిమిషం చాలు. తర్వాత ఆ మరకలు ఎక్కడెక్కడ పడ్డాయో నీ అనాటమీ పుస్తకంతో పోల్చి చూసుకో.

అలాగని ఆ విద్య దండగ అనడం లేదు. అందులో నిజంగా పనికొచ్చేది వేరే ఉంది. దెబ్బలు ఎన్ని రకాలైనా అవి వచ్చే దారులు కొన్నే అని, పన్నెండు కోణాలుగా విడదీసి నేర్పుతారు కదా, అది గొప్ప ఆలోచన. చేతిలో కత్తి ఉన్నా కర్ర ఉన్నా సీసా ఉన్నా దారి అదే. కాబట్టి నీ కన్ను వాడి భుజాన్ని చూడటం నేర్చుకుంటుంది. రెండోది, ఆయుధం పట్టిన చేతినే కొట్టడం. పాము కోరలు పీకడం అంటారన్నావే, అది. పాతకాలపు గురువులు అభ్యాసంలో కూడా చేతిమీదే కొట్టించేవారట. దెబ్బలకు తట్టుకోలేక పిల్లలు మానేస్తున్నారని మోడర్న్ ఆర్నిస్ స్థాపించిన రెమీ ప్రెసాస్ గారు కర్రకు కర్ర తగిలేలా మార్చారు. మంచి పనే చేశారు, దానివల్లే నీ వేళ్లు క్షేమంగా ఉన్నాయి, రేపు అవి సర్జరీ చెయ్యాలి. కానీ టకటకమని కర్రలు తగిలే ఆ శబ్దానికి అలవాటు పడిపోయి, అసలు గురి ఎక్కడో మరిచిపోకు. అప్పుడప్పుడు హెల్మెట్, ప్యాడ్లు వేసుకుని నిజంగా స్పారింగ్ చెయ్యి. ముందే అనుకున్న సినవాలి, ఆ జంటకర్రల వరస, ఎంత వేగంగా వచ్చినా అది స్పారింగ్ కాదు.

అన్నిటికంటే పాదాలు ముఖ్యం. ఆ త్రికోణం అడుగులతో దెబ్బ దారిలోంచి పక్కకు తప్పుకుంటావు చూడు, ఆ అడుగు పడగానే తర్వాతది పరుగు కావాలి. ఫోన్ అడిగితే ఫోన్ పారేసి పరుగెత్తు. పారిపోవడానికి దారి లేనప్పుడే కర్ర పని. సెబూలో వానలెక్కువ కదా, మడత పెట్టేది కాకుండా గట్టి కామ ఉన్న పొడవాటి గొడుగు కొనుక్కో. దాన్ని చేత్తో పట్టుకుని వెళ్తే ఎవరూ ఎందుకని అడగరు.

కత్తి అలా కాదు. బతంపాస్ పంబన్సా 6 అని అక్కడ 1978 నాటి చట్టం ఉంది. జీవనోపాధికో చట్టబద్ధమైన పనికో అవసరమైన పనిముట్టు అయితే తప్ప కత్తి, బాకు లాంటివి ఇల్లు దాటి వెంట తీసుకెళ్లకూడదు. బాలిసాంగ్ బటాంగస్‌లో తయారయ్యే వాళ్ల సొంత కత్తే కావచ్చు, నీ బ్యాగులో దొరికితే అది ఆయుధమే. పైగా ఆత్మరక్షణ అని చెప్పుకోవాలంటే ముందు వాడు నీమీద దాడి చేసి ఉండాలి, నువ్వు వాడిన సాధనం ఆ ప్రమాదానికి తగినదై ఉండాలి, నువ్వు రెచ్చగొట్టి ఉండకూడదు. వాళ్ల శిక్షాస్మృతి 11వ అధికరణం చెప్పేది అదే. మన న్యాయ సంహితలో కూడా అవసరానికి మించి హాని చెయ్యకూడదనే ఉంది. పరాయి దేశంలో స్టూడెంట్ వీసా మీద ఉన్నదానివి, పోలీస్ స్టేషన్‌లో ఎస్క్రిమా నేర్చుకున్నానని చెబితే అది నీకు సాయమవుతుందో కాదో ఆలోచించు.

అక్కడి నాయకుడు లాపు-లాపు 1521లో స్పెయిన్ తరఫున వచ్చిన నావికుడు మాజెలాన్‌ను ఓడించింది నీ విమానం దిగిన మాక్టాన్ దీవిలోనే. అది యుద్ధం. వాళ్లు తమ తీరం కాపాడుకున్నారు. నువ్వు జీప్నీ బండి దిగి హాస్టల్‌కి క్షేమంగా చేరితే నాకు చాలు.

బాలిసాంగ్‌ని రేపే మీ గురోకి, అదే మీ ఎస్క్రిమా గురువుకి, ఇచ్చేయ్. ఇచ్చానని మెసేజ్ పెట్టు. మీకు మాకంటే రెండున్నర గంటలు ముందు కాబట్టి ఆదివారం మీకు పదిన్నర అయ్యేసరికి ఫోన్ చేస్తాను, అప్పటికి నేను పూజ ముగించి ఉంటాను. ఆ పన్నెండు కోణాలూ గొడుగుతో నెమ్మదిగా చూపించు. నేను కూడా తాతయ్య కర్ర అటక మీంచి దింపి తుడిచి పెట్టుకుంటాను.

అమ్మ