నాన్నగారికి, చెవి సంగతి

లండన్

నాన్నగారికీ అమ్మకీ నమస్కారాలు.

మొన్న ఫోనులో "మతిమరుపు వచ్చేసిందే, ఇంక నా పని అయిపోయింది" అన్నారు. నేనిచ్చిన జవాబు మీకు సగమే వినపడింది, మిగతా సగం అమ్మ అరిచి చెప్పింది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కాగితం మీదైతే రెండుసార్లు చదువుతారు, మధ్యలో అడ్డు తగలరు.

ముందు ఆ సగ్గుబియ్యం సంగతి. అమ్మ పాయసానికి అరకిలో సగ్గుబియ్యం తెమ్మంటే మీరు కొట్లో బియ్యం బస్తా చెప్పి వచ్చారట. అమ్మ దాన్ని మతిమరుపు ఖాతాలో రాసేసింది, మీరూ ఒప్పేసుకున్నారు. నాకైతే అది చెవి వ్యవహారంలా ఉంది. ఇక్కడ పొద్దస్తమానం నేను చేసేది చెవి పరీక్షలే కదా. వయసుతో వచ్చే చెవుడులో శబ్దాలన్నీ ఒకేసారి తగ్గవు. స, శ, ఫ లాంటి సన్నని శబ్దాలు ముందు పోతాయి. అచ్చులు బాగానే వినిపిస్తుంటాయి కాబట్టి "నా చెవులు బాగానే ఉన్నాయి, మీరే గొణుగుతున్నారు" అనిపిస్తుంది. మా దగ్గరికొచ్చే పెద్దాయనలూ ఇదే అంటారు, కాకపోతే ఇంగ్లీషులో. మిక్సీ మోతలో "సగ్గు" ఎగిరిపోయి "బియ్యం" మిగిలి ఉంటుంది. అసలు చెవిన పడని మాటని మరిచిపోవడం ఎలా కుదురుతుంది?

పైగా వినపడని ముక్కల్ని ఊహించుకోవడంతోనే బుర్ర అలసిపోతే, విన్నదాన్ని దాచుకునే ఓపిక దానికి ఉండదు. పెళ్ళిళ్ళలో పరిచయమైన వాళ్ళ పేర్లు మీకు నిలవకపోవడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం. డిమెన్షియా, అంటే మతి తప్పే జబ్బు, దాని మీద లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 2024లో మనం మార్చుకోగలిగిన 14 కారణాలు చెప్పింది. వాటన్నిటినీ సరిచేయగలిగితే దాదాపు 45 శాతం కేసులు రాకుండా ఆపడమో, వాయిదా వేయడమో చేయొచ్చని అంచనా. ఆ జాబితాలో చెవుడూ చెడ్డ కొలెస్ట్రాలూ అన్నిటికంటే పైన ఉన్నాయి. చెవి మిషన్ పెట్టుకుంటే జ్ఞాపకశక్తి గ్యారంటీ అని నేననను. 2023లో అమెరికాలో వచ్చిన పెద్ద పరీక్షలో మూడేళ్ళ తర్వాత మొత్తం మీద తేడా కనపడలేదు. కానీ ఆ జబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న పెద్దవాళ్ళలో బుర్ర చురుకు తగ్గడం దాదాపు సగం నెమ్మదించింది. ఆ మాత్రం ఆశ ఉన్నప్పుడు బీరువాలో డబ్బు దాచుకుని ఏం చేస్తాం?

ఇక మీ సుడోకు. సరదాకైతే చేసుకోండి, మందు అనుకుని మాత్రం చేయకండి. ఇక్కడ నల్ల టాక్సీ డ్రైవర్లకి "నాలెడ్జ్" అని ఒక పరీక్ష ఉంటుంది, 1865 నుంచీ ఉంది. లండన్ నడిబొడ్డున ఉన్న చేరింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్ళలో ఉన్న 25,000 దాకా వీధుల్ని బుర్రలో పెట్టుకోవాలి. స్కూటర్ మీద మ్యాపు బిగించుకుని వానలో వీధులు తిరిగే అభ్యర్థులు నాకు కనిపిస్తుంటారు. ఎలినార్ మెగ్వైర్ అనే శాస్త్రవేత్త ఆ డ్రైవర్ల మెదళ్ళు స్కాన్ చేసి, జ్ఞాపకాలకి కీలకమైన హిప్పోకాంపస్‌లో వెనక భాగం మామూలు వాళ్ళకంటే పెద్దదిగా ఉందని 2000లో రాసింది. అలాంటి డ్రైవర్లే వేరే రకం జ్ఞాపకశక్తి పరీక్షల్లో మామూలు వాళ్ళకంటే వెనకబడ్డారు! సుడోకు చేస్తే సుడోకే వస్తుంది, మన వీధిలో వాళ్ళ పేర్లు రావు.

మీకు పనికొచ్చే పద్ధతి మీరు మాకు నేర్పిందే. పుస్తకం మూయించి అప్పజెప్పించేవారు కదా, నేను ఏడ్చినా వదలకుండా. 2006లో అమెరికాలో ఇద్దరు సైకాలజిస్టులు పరీక్షించి చూశారు. పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళు అయిదు నిమిషాల తర్వాత ముందున్నారు. వారం తర్వాత మాత్రం చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళదే పైచేయి. అవధానంలోనూ అంతే కదా, ఘంటలు మోగుతున్నా, అప్రస్తుత ప్రసంగి అడ్డుపడుతున్నా, అవధాని ప్రతి ఆవృత్తంలో వెనక చెప్పిన పాదాన్ని మళ్ళీ తవ్వి తీయాలి. మీరు కూడా బజారు చీటీ జేబులోనే పెట్టుకోండి, అన్నీ కొన్నాకే తీసి సరిచూసుకోండి. రాత్రి భోజనాల దగ్గర పొద్దున పేపర్లో చదివింది అమ్మకి అప్పజెప్పండి. పేరు గుర్తు రాకపోతే వెంటనే ఫోను తీయకండి, కాసేపు వెతకనివ్వండి.

సాయంత్రం కాలవ గట్టు నడక మానొద్దు, దాని గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. అయితే రెండు విషయాలు డాక్టరుగారిని అడగాలి. నిద్ర పడుతోందని రోజూ వేసుకుంటున్న ఆ జలుబు మాత్ర ఒకటి. అలాంటి మత్తు మాత్రల్లో కొన్ని పెద్దవాళ్ళ జ్ఞాపకశక్తిని మసకబారుస్తాయి. రెండోది బి12 విటమిన్. మీరు మాంసం ముట్టరు, షుగరుకి ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు, రెండూ బి12ని తగ్గించేవే. రక్తపరీక్ష చేయించండి, పనిలో పనిగా థైరాయిడ్ కూడా. ఆ టీవీ ప్రకటన చూసి తెప్పించుకున్న జ్ఞాపకశక్తి గుళికల సీసా ఫోటో నాకు పంపండి, ఏముందో చూసి తిడతాను.

చెవి మిషన్ పెట్టుకుంటే ముసలివాణ్ణనుకుంటారని కదా మీ బాధ? ప్రతి మాటకీ "ఆఁ?" అంటుంటే ఏమనుకుంటున్నారో అమ్మని అడగండి. మొదటి వారాలు చికాకుగానే ఉంటుంది. పేపరు తిప్పినా గోలే, కుక్కర్ కూతకి ఉలిక్కిపడతారు. రోజుకి రెండు మూడు గంటలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. నాలుగు రోజులకే తీసి సొరుగులో పడేస్తే నేను ఊరుకోను.

వచ్చేవారం అమ్మ, తమ్ముడు మిమ్మల్ని చెవి పరీక్షకి గుంటూరు తీసుకెళ్తారు. గీతలున్న రిపోర్టు, ఆడియోగ్రామ్ అంటారు, దాన్ని ఫోటో తీసి పంపేదాకా ఏ మిషనూ కొనకండి. ఖరీదైనదే మంచిదని కొట్టువాడు చెబుతాడు. వాడితో వీడియో కాల్లో నేను మాట్లాడతాను.

మీ చిన్నమ్మాయి