బరువు చేతిలో ఉంటుంది, అమ్మలూ

పాలకొల్లు,
ఆదివారం రాత్రి

అమ్మలూ,

నువ్వు పంపిన గిటార్ ఫోటో చూశాను. నల్ల రంగు, తంతి నాదాన్ని పట్టే పికప్పులు రెండు, పాతదే అయినా మెడ వంకరపోలేదు. మొదటి జీతంతో కొన్నది అదేనని తెలిసి మీ అమ్మ కాసేపు ఏమీ అనలేదు, తరువాత "దాని ఇష్టం" అంది. నాకు మాత్రం ఆ రోజంతా షాపులో పని మీద మనసు నిలవలేదు, అంత సంతోషం. ఎవరిని వినాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగావు. ఫోనులో చెబితే సగం గాలికి పోతుంది. అందుకే రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట మనసులో పెట్టుకో. ఈ హెవీ మెటల్ సంగీతంలో బరువు పెద్ద చప్పుడు వల్ల రాదు. చేతి వల్ల వస్తుంది. మొదట్లో అందరూ యాంప్ మీద గెయిన్, అంటే నాదం ఎంత గరుకెక్కాలో చెప్పే మీట, చివరిదాకా తిప్పి, అదే హెవీ మెటల్ అనుకుంటారు. నువ్వలా అనుకోకూడదనే ఇదంతా రాయడం.

నాకు ఈ పాటలు కువైట్ నుంచి వచ్చాయి. కువైట్ తాతయ్య సెలవులకు వచ్చినప్పుడు ఒక టేప్ రికార్డరు, అట్టపెట్టెడు క్యాసెట్లు తెచ్చాడు. తెలుగువీ హిందీవీ బంధువులు పంచుకోగా, ఎవరికీ అక్కర్లేనివి మా షాపుకు చేరాయి. వాటిలో బ్లాక్ సబ్బాత్, డీప్ పర్పుల్, ఐరన్ మెయిడెన్ అనే ఇంగ్లండ్ బ్యాండ్లవి ఉన్నాయి. పంపు మోటార్లకు తీగ చుట్టుకుంటూ వాటినే విన్నాను. మాటలు అర్థం కాలేదు. అయినా ఆ వాయించేవాళ్లు పనివాళ్లని మాత్రం వినగానే తెలిసింది.

నిజంగానే పనివాళ్లు. బర్మింగ్‌హామ్‌లో ఆస్టన్ అనే పేట ఉంది, చుట్టూ ఫ్యాక్టరీలు. బ్లాక్ సబ్బాత్ నలుగురూ అక్కడివాళ్లే. గాయకుడు ఆజీ ఆజ్‌బోర్న్ కబేళాలో పనిచేశాడు, ఒక ఫ్యాక్టరీలో కారు హారన్ల శ్రుతి సరిచూసే పనీ చేశాడు. గిటారిస్టు టోనీ ఐయోమీది రేకుల ఫ్యాక్టరీ. పదిహేడేళ్ల వయసులో, ఇక సంగీతమే నా దారి అని ఉద్యోగం వదిలేస్తున్న ఆఖరి రోజున, రావలసిన మనిషి రాకపోతే అలవాటు లేని యంత్రం మీద అతన్ని నిలబెట్టారు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి మళ్లీ వెళ్లనంటే, చేసే పని సగంలో వదలకూడదని తల్లే పంపించింది. ఆ పూటే కుడిచేతి నడిమివేలు, ఉంగరపు వేలు కొనలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం, అంటే తంతులు నొక్కవలసిన చెయ్యి అదే.

మంచాన పడి ఉన్న కుర్రాడికి ఫ్యాక్టరీ మేనేజరు ఒక రికార్డు తెచ్చి వినిపించాడు. అది జాంగో రైన్‌హార్ట్ వాయించినది. అగ్నిప్రమాదంలో ఎడమచేతి రెండు వేళ్లు దెబ్బతిన్నా ప్రపంచం మెచ్చేలా గిటార్ వాయించిన మనిషి. అది విన్నాక ఐయోమీ గిన్నెలు తోమే సబ్బు సీసా ప్లాస్టిక్‌ను కరిగించి, వేలికి పట్టేలా మలిచి, పైన తోలు అంటించి తొడుగులు తయారుచేసుకున్నాడు. మామూలు తంతులు నొక్కితే నొప్పి, కనుక సన్నటి బాంజో తంతులు కట్టాడు. 1971లో వచ్చిన మూడో ఆల్బమ్‌కు వచ్చేసరికి కొన్ని పాటల్లో శ్రుతిని మూడు స్వరస్థానాలు కిందికి దించాడు. తంతి వదులైతే వేలికి సుఖం. ఆ దించిన శ్రుతిలోంచే ఇవాళ ప్రపంచమంతా మెటల్ అని పిలిచే ఆ లోతైన నాదం బయటికొచ్చింది. చేతిపని చేసే మనిషిగా ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

వాళ్ల మొదటి ఆల్బమ్ 1969 అక్టోబరులో ఒక్క రోజులో రికార్డు చేశారు, 1970 ఫిబ్రవరి 13న విడుదలైంది. నువ్వు అక్కడి నుంచి మొదలుపెట్టు. బ్యాండు పేరే పెట్టుకున్న మొదటి పాటలో గిటార్ వాయించేది మూడే స్వరాలు: షడ్జమం, పై షడ్జమం, అక్కడి నుంచి దిగివచ్చి ప్రతి మధ్యమం, అంటే రెండో మ, మీద ఆగడం. గుస్తావ్ హోల్‌స్ట్ కుజగ్రహం మీద రాసిన వాద్యరచనను బాస్, అంటే మంద్రస్వరాల గిటార్, వాయించే గీజర్ బట్లర్ అప్పట్లో సాధన చేస్తుండేవాడట. ఐయోమీకి ఈ వరస తట్టింది దాని నుంచే. నువ్వు చిన్నప్పుడు నేర్చుకున్న కల్యాణిలోనూ ప్రతి మధ్యమం ఉంది కదా, అక్కడ అది పంచమం పక్కన వాలి శోభగా ఉంటుంది. ఈ పాటలో ఆ వరసకు పంచమం అందనివ్వలేదు. ఆసరా లేకుండా వదిలేశారు. భయమంతా అక్కడ పుట్టింది. అందులో వేగం లేదు, అరుపు కూడా తక్కువే. గెయిన్‌తో సంబంధం లేదని అర్థమవుతుంది.

ఇక పవర్ కార్డు. కార్డు అంటే కలిపి మోగించే స్వరాల గుత్తి. దాని గురించి పెద్ద రహస్యమేదో ఉన్నట్టు చెబుతారు, నువ్వు బెదరకు. అది షడ్జమం, పంచమం, అంతే. తంబురా మీటితే వినబడేవి కూడా అవే. మామూలు కార్డులో ఉండే గాంధారం ఇందులో ఎందుకు తీసేశారంటే దానికో కారణం ఉంది. యాంపు తన శక్తికి మించిన సిగ్నల్ మోయవలసి వస్తే అల కొన కత్తిరించుకుపోతుంది, అలా తెగినచోట కొత్త ఉపస్వరాలు పుడతాయి. గాంధారం కూడా ఉంటే అవన్నీ ఒకదానితో ఒకటి కొట్టుకుని నాదం మురికి అవుతుంది. షడ్జమ పంచమాలైతే ఎంత కోసినా కలిసే ఉంటాయి. 1964లో కింక్స్ బ్యాండు కుర్రాడు డేవ్ డేవిస్ తన యాంప్ స్పీకరు కాగితాన్ని బ్లేడుతో కోసి ఆ గరుకు నాదం రాబట్టాడు. అతనికి ఈ లెక్కలేవీ తెలియవు, చెవి చెప్పింది చేశాడు.

నీ రికార్డింగులో గుయ్‌మని వినబడుతున్న మోత గురించి రాశావు. ఆ మోత నాకు పాత చుట్టం. మన కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మారుస్తుంది, దగ్గర్లో ఏ కాయిల్ ఉన్నా దాన్ని పట్టేస్తుంది. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ రాగి తీగ, నేను రోజూ చుట్టేదే. కాకపోతే అందులో తీగ మందం మిల్లీమీటరులో ఆరు వందో వంతులు, ఊపిరి గట్టిగా వదిలితే తెగేటంత. ఉక్కు తంతి ఆ అయస్కాంతం ముందు కదిలితే కాయిల్‌లో కరెంటు పుడుతుంది. 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజినీరు రెండు కాయిల్స్ పక్కపక్కన పెట్టి, ఒకదానికి చుట్టు దిశనూ అయస్కాంతాన్నీ తిరగేశాడు. గాలిలోంచి వచ్చే మోత రెండింటిలో ఎదురెదురుగా వచ్చి రద్దవుతుంది, తంతి నాదం మాత్రం కూడుకుంటుంది. దాని పేరు హంబకర్. నీ గిటార్‌లో మెడ వైపుది ఒకే కాయిల్‌దిలా ఉంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు తీసుకురా, విప్పి చూస్తాను. అలాంటిది ఒకటి నా చేత్తో చుట్టాలని ఎప్పటి నుంచో కోరిక.

విద్యుత్తుతో సంగీతం మన ఊరికి కొత్త అని ఎవరైనా అంటే ఊరుకోకు. మాండలిన్ శ్రీనివాస్ 1969లో పుట్టింది పాలకొల్లులోనే. వాళ్ల నాన్నగారు క్లారినెట్ వాయించేవారు. ఆ పసివాడు ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని కర్ణాటక సంగీతం వాయిస్తే, ఈ వాద్యం మీద గమకం పలుకుతుందా అని సందేహించినవాళ్లు ఉన్నారు. పలికించి చూపించాడు. తరువాత జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి దేశదేశాల వేదికలెక్కాడు. 2014లో ఆయన పోయిన రోజున నేను షాపు తెరవలేదు.

ఐరన్ మెయిడెన్ గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. నీకు గణవిభజన నేర్పేటప్పుడు భ గణం బల్ల మీద వేళ్లతో వాయించి చూపించేవాణ్ణి, గుర్తుందా? ఒక గురువు, రెండు లఘువులు. ఉత్పలమాల దానితోనే మొదలవుతుంది. ఆ బ్యాండులో స్టీవ్ హ్యారిస్ బాస్ మీద వాయించే ఆ దౌడు అచ్చంగా భ గణమే, రెండు మాత్రలు, ఒకటి, ఒకటి. అదీ మీటుపుల్లతో కాదు, వట్టి వేళ్లతో. 1984 నాటి ఆల్బమ్‌లో కోల్‌రిడ్జ్ రాసిన ముసలి నావికుడి కావ్యాన్ని దాదాపు 14 నిమిషాల పాటగా కట్టాడు. మధ్యలో గాలి స్తంభించి ఓడ ఆగిపోయే ఘట్టం ఉంటుంది. అక్కడ వాద్యాలన్నీ తగ్గి, కొయ్య కిర్రుమనే చప్పుడు, బాస్ ముఖ్యంగా వినబడతాయి. ఆ పాటను నువ్వు రాత్రిపూట, వేరే పనేదీ పెట్టుకోకుండా విను.

2007 మార్చి 17న వాళ్లు బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించారు. తాడేపల్లిగూడెంలో రైలెక్కి వెళ్లాను. నువ్వు అప్పటికి చాలా చిన్నదానివి. గిటార్లు వాయించే వరసను మాటల్లేకుండా వేలమంది ఒక్క గొంతుతో పాడుతుంటే, పక్కన నిలబడిన అస్సాం కుర్రాడెవరో నా భుజం మీద చెయ్యి వేశాడు. అతని భాష నాకు రాదు, నాది అతనికి రాదు. ఇద్దరం గొంతు పోయేదాకా పాడాం.

ఇప్పుడు నీ సాధన. సోలోల జోలికి ఇప్పుడే పోవద్దు. ఏసీ డీసీ బ్యాండులో మాల్కమ్ యంగ్‌ను విను. వేదిక ముందుకొచ్చి గంతులేసేది తమ్ముడు ఆంగస్, 2014లో తప్పుకునేదాకా వెనక డ్రమ్ముల పక్కన నిలబడి బ్యాండును మోసింది అన్న మాల్కమ్. ఆయన తన గ్రెచ్ గిటార్‌లో బ్రిడ్జి, అంటే కింది చివర తంతులు ఆనే చోటు, దగ్గరి పికప్ ఒక్కటే ఉంచి మిగతావి పీకేశాడు. లావు తంతులు, తక్కువ గెయిన్. 1980 ఫిబ్రవరిలో వాళ్ల గాయకుడు బాన్ స్కాట్ చనిపోయాడు. జూలైకల్లా కొత్త గాయకుడు బ్రయన్ జాన్సన్‌తో "బ్యాక్ ఇన్ బ్లాక్" తెచ్చారు. ఆ పేరుతో ఉన్న పాటలో మొదటి వరస మూడే కార్డులు. మధ్యలో ఖాళీలు ఉంటాయి చూడు, అవి కూడా వాయించవలసినవే. కార్డు ఎక్కడ మొదలుపెట్టాలో అందరికీ తెలుస్తుంది. ఎక్కడ ఆపాలో మాల్కమ్‌కు తెలిసినంతగా తెలిసినవాళ్లు నాకు కనబడలేదు. గెయిన్ సగానికి తగ్గించి, లయ కొట్టే మెట్రోనోమ్ నెమ్మదిగా పెట్టుకుని, ఆ ఖాళీలు శుభ్రంగా వచ్చేదాకా వాయించు.

అది కుదిరాక మెటాలికా బ్యాండుకు వెళ్లు. జేమ్స్ హెట్‌ఫీల్డ్ కుడిచేతిని గమనించు. వేగమైన వరసల్లో కూడా మీటుపుల్లను ఎక్కువగా కిందికే కొడతాడు, పైకి లాగి తేలిక చేసుకోవడం తక్కువ. అరచేతి అంచు బ్రిడ్జి మీద ఆనించి తంతిని సగం నొక్కి ఉంచుతాడు. మణికట్టు మండుతుంది, మండితే ఆపి విశ్రాంతి తీసుకో, పంతానికి పోవద్దు.

మీ అమ్మ భయం నీకు తెలుసు. ఆ పుర్రెలు, ఆ నల్ల బట్టలు, ఆ కేకలు ఇంట్లో ఆడపిల్లకు ఎందుకని. నేను ఆమెతో వాదించలేదు, గుర్తుచేశానంతే. నవరసాల్లో వీరం, రౌద్రం, భయానకం, బీభత్సం ఉన్నాయి, వాటిని మన పెద్దలు కళ నుంచి వెలివేయలేదు. ద్రాక్షారామం వైపు వీరభద్రుడి సంబరంలో వీరణాలు మోగుతుండగా "శరభ శరభ" అని కేక వేస్తే ఎదురుగా నిలబడిన మనిషికి గుండె జల్లుమంటుంది. ఆ కేకలో భక్తి ఉందని మనకు తెలుసు. మెటల్ కేకలోనూ ఏముందో వినాలి. బ్లాక్ సబ్బాత్ రెండో ఆల్బమ్‌లో మొదటి పాట, పేదవాళ్లను యుద్ధానికి పంపి తాము దాక్కునే నాయకుల మీద. మెటాలికా 1986 ఆల్బమ్‌కు పేరిచ్చిన పాట, మత్తుమందు మనిషిని ఎలా ఆడిస్తుందో చెబుతుంది. చెడును పొగిడేవాళ్లు ఎక్కడైనా ఉంటారు, వాళ్లను వదిలేయి.

ఆడపిల్లల విషయానికొస్తే, లండన్‌లో గర్ల్‌స్కూల్ బ్యాండు 1978 నుంచీ ఉంది. ఇండోనేషియాలో పశ్చిమ జావాలోని గారుత్ ప్రాంతంలో ముగ్గురు అమ్మాయిలకు వాళ్ల బడిలో మాస్టారు ఒకాయన ఈ సంగీతం పరిచయం చేశారు. వాయిస్ ఆఫ్ బాసెప్రోట్ అని పేరు పెట్టుకుని, తలకు ముసుగు కట్టుకునే, 2024లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవం వేదిక దాకా వెళ్లారు. మీ అమ్మకు వాళ్ల వీడియో చూపించాను. "ఆ డ్రమ్ములు వాయించే పిల్ల బాగా వాయిస్తోంది" అంది. మళ్లీ పెట్టమంది కూడా.

2025 జూలై 5న ఆజీ ఆఖరి కచేరీ ఆస్టన్‌లోనే, విల్లా పార్క్ మైదానంలో జరిగింది. పార్కిన్సన్స్ వ్యాధితో నిలబడలేక సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. పక్కన ఐయోమీ, బట్లర్, బిల్ వార్డ్, మొదటి నలుగురూ. జూలై 22న ఆజీ పోయాడు. ఆ కచేరీ దృశ్యాల్లో నేను ఐయోమీ కుడిచేతినే చూస్తూ ఉండిపోయాను. వేళ్లకు ఆ తొడుగులు ఇప్పటికీ ఉన్నాయి.

ఇక జాగ్రత్తలు. హెడ్‌ఫోనులో గట్టిగా పెట్టుకోవద్దు, కచేరీకి వెళితే చెవుల్లో ప్లగ్గులు పెట్టుకో. వినికిడి పోయే ప్రమాదం ఉందని వైద్యులు చెప్పడంతో బ్రయన్ జాన్సన్ అంతటివాడు 2016లో పర్యటన మధ్యలో ఆపుకోవలసి వచ్చింది. అన్నిటికంటే ముఖ్యమైనది ఎర్తు. 1972లో లెస్ హార్వీ అనే స్కాట్లండ్ గిటారిస్టు ఎర్తు సరిగా లేని మైకు ముట్టుకుని వేదిక మీదే చనిపోయాడు. ఒక చెయ్యి గిటార్ తంతుల మీద, ఇంకో చెయ్యి మైకు మీద ఉంటే కరెంటు దారి గుండె మీదుగానే. కాబట్టి యాంప్ ప్లగ్గుకు ఎర్తుకుండే ఆ లావు పిన్ను విరిగినా, దానికి రెండు పిన్నుల అడాప్టరు తగిలించి ఉన్నా వాడొద్దు. మీ ఇంటి ఓనరుతో మాట్లాడి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించు, సాకెట్‌లో ఫేజుకీ ఎర్తుకీ మధ్య ఎన్ని వోల్టులు చూపిస్తోందో, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య ఎంతో రాసి నాకు పంపు. ఆ రెండు అంకెలు నేను చూసేదాకా యాంప్ ఆన్ చేయకు. అప్పటిదాకా ప్లగ్ పెట్టకుండానే మాల్కమ్ వరస సాధన చెయ్యి, తంతి తప్పు పలికితే అలాగే ఇంకా బాగా తెలుస్తుంది.

నాన్న