సమాధుల దగ్గర ఎలా మెలగాలో కూడా నేర్పించండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

మొన్న మన పేపర్ జిల్లా పేజీలో ఊరి బయట రాకాసి గుళ్ళ (పాతకాలపు రాతి సమాధుల) దగ్గర గుప్తనిధుల కోసం ఎవరో తవ్వి పోయారని వార్త వేశారు, పక్కనే ఎముకలు చెల్లాచెదురుగా పడున్న ఫొటో కూడా వేశారు. నాన్న రోజూ పేపర్ ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపుతుంటారు, అలా చూశాను. మాది తెనాలి, ప్రస్తుతం జర్మనీలో ఆర్కియాలజీ చదువుతున్నా. ఆ ఫొటో చూసిన దగ్గర్నుంచి మనసు మనసులో లేదు, అందుకే రాస్తున్నా.

పోయిన వేసవిలో మా బ్యాచ్‌ని ఒక చిన్న ఊళ్ళో పాత యూదుల శ్మశానానికి రెండు వారాల ఫీల్డ్‌వర్క్‌కి తీసుకెళ్ళారు. అక్కడ ఎవ్వరం గడ్డపార పట్టుకోలేదు, ఎందుకంటే యూదుల ధర్మం ప్రకారం సమాధి శాశ్వతం, పోయినవాళ్ళని కదిలించకూడదు. జర్మనీలో మామూలు శ్మశానాల్లో సమాధి స్థలం ఓ ఇరవై ముప్ఫై ఏళ్ళకి అద్దె లెక్కన ఇస్తారు, గడువు అయ్యాక పొడిగించకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు, యూదుల శ్మశానంలో అలా కుదరదు. దాన్ని వాళ్ళు హీబ్రూలో బేత్ హయ్యిమ్ అంటారు, అంటే జీవుల ఇల్లు. ఇలాంటివి దేశంలో రెండు వేలకు పైనే ఉన్నాయి, చాలా ఊళ్ళలో చూసుకోడానికి వాళ్ళ మనుషులే మిగల్లేదు, నాజీలు ఏం చేశారో అందరికీ తెలిసిందే.

మొదటి రోజు పొద్దున మాకు నేర్పింది గేటు దగ్గర ఎలా ఉండాలో. మగపిల్లలు తల మీద టోపీ పెట్టుకోవాలి, లోపల తినకూడదు తాగకూడదు, రాళ్ళకి ఆనుకోకూడదు, బ్యాగులు వాటి మీద పెట్టకూడదు, బయటికొచ్చేటప్పుడు చేతులు కడుక్కోవాలి, శనివారం వాళ్ళకి సబ్బాతు, అంటే విశ్రాంతి రోజు కాబట్టి ఆ రోజు పని లేదు. చేతులు కడుక్కోమన్నప్పుడు నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది, చావింటికి వెళ్ళొస్తే కాళ్ళు చేతులు కడుక్కోనిదే గడప దాటనిచ్చేది కాదు.

తర్వాత రాళ్ళు చదవడం. నాచు పట్టిందని గీకకూడదు, వైరు బ్రష్షు, బ్లీచింగు, చాక్‌పీస్ ఏవీ తగలనివ్వకూడదు, మెత్తటి బ్రష్షు, మామూలు నీళ్ళు, అవి కూడా రాయి గట్టిగా ఉంటేనే. రాయిని అల్లుకున్న తీగని లాగితే అక్షరాలు కూడా ఊడొస్తాయి, మొదలు దగ్గర కోసి ఎండనివ్వాలి. సాయంత్రం టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేస్తే అప్పటిదాకా కనపడని అక్షరాలు లేచొస్తాయి అండి, నేనైతే మొదటిసారి చూసి మాట్లాడలేకపోయా. వాళ్ళకి అక్షరాలే అంకెలు. ఒక రాయి మీద తావ్, రేష్, యోద్, బేత్ అని నాలుగు అక్షరాలు, కూడితే 612, అది వేల అంకె వదిలేసి రాసిన యూదుల క్యాలెండర్ ఏడాది, దానికి 1240 కలిపితే మన లెక్కలో దాదాపు 1852. రెండు చేతులు చెక్కి ఉంటే కోహెన్ అనే పూజారుల వంశం, కూజా ఉంటే వాళ్ళకి సాయం చేసే లేవీ వంశం. ఆ రాయి కింద ఉన్నావిడ పేరు, వాళ్ళ నాన్న పేరు నేను నోట్‌బుక్‌లో రాసుకున్నప్పుడు చేయి వణికింది, మళ్ళీ ఆ పేరు ఎవరైనా పలికి ఎన్నేళ్ళయిందో కదా.

రెండో వారంలో కుందేలు బొరియ దగ్గర మట్టిలో చిన్న ఎముక ముక్క కనిపించింది. మా ఫ్రెండ్ ఫొటో తీయబోతే మేడమ్ ఆపేశారు, అందర్నీ వెనక్కి జరగమని గుడ్డ కప్పించి అక్కడి యూదు సమాజం పెద్దలకి ఫోన్ చేశారు. వాళ్ళొచ్చి ప్రార్థన చేసి దాన్ని ఆ చోటే మట్టిలో పెట్టేదాకా మేం పని ముట్టుకోలేదు. ఆ రోజంతా ఒక్క రాయి కూడా రికార్డు కాలేదు, అయినా నాకు ఆ కోర్సులో బాగా గుర్తున్న రోజు అదే.

ఇంగ్లండులోని యార్క్‌లో 1982-83లో జ్యూబరీ అనే చోట కొత్త కట్టడం కోసం తవ్వితే మధ్యయుగం నాటి యూదుల శ్మశానం బయటపడింది, దాదాపు 500 మంది అస్థికలు తీశారు. యూదు పెద్దలు అభ్యంతరం చెప్పాక పరిశోధన మధ్యలోనే ముగించి 1984లో మళ్ళీ భూమిలో పెట్టారు. తవ్వకముందే అన్నీ తేల్చుకుని ఉంటే అంతదూరం వచ్చేది కాదేమో అని నాకనిపిస్తుంది.

ఇదంతా పరాయి దేశం గొడవ అనుకోకండి. కేరళలో చేందమంగళంలో 1269 నాటి శారా అనే యూదు మహిళ సమాధి రాయి ఉంది, మన చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు ఆచారాలు పాటించే తెలుగు కుటుంబాలున్నాయి. ఇక రాకాసి గుళ్ళంటే మనూళ్ళ చుట్టూ బతికి పోయినవాళ్ళ సమాధులే, ఎముకలకి వారసులు కనపడనంత మాత్రాన అవి ఎవరివీ కావా అండి?

మన యూనివర్సిటీల ఆర్కియాలజీ డిపార్ట్‌మెంట్ల వాళ్ళు పిల్లల్ని ట్రెంచ్‌లోకి దించేముందు ఒక్క రోజైనా ఇలాంటి శ్మశానంలో, మసీదు పక్క ఖబ్రస్తాన్‌లో, మచిలీపట్నం డచ్చి సమాధుల్లో నిలబెట్టి, ఊరి పెద్దల్ని అడిగి, ఏది ముట్టుకోవచ్చు ఏది ముట్టుకోకూడదో నేర్పాలని నా విన్నపం. మీకు కూడా ఒక విన్నపం అండి, మళ్ళీ ఇలాంటి వార్త వస్తే ఎముకల ఫొటో వేయకండి, ఆ రాళ్ళ ఫొటో చాలు.

ఇట్లు,
ఒక ఆర్కియాలజీ విద్యార్థిని,
తెనాలి (ప్రస్తుతం జర్మనీ)