మామగారిని ఓడ ఎక్కించే ముందు

దేవరకొండ,
2021 నవంబరు 16

బావా,

మామగారిని తీసుకుని ముంబయి విహార ఓడ ఎక్కాలా వద్దా అని నువ్వు అడిగినదానికి జవాబు ఫోన్‌లోనే చెప్పేద్దామనుకున్నాను. కానీ ఫోన్‌లో నువ్వు నన్ను రెండు వాక్యాలు కూడా పూర్తి చేయనివ్వవు. మూడో వాక్యానికి ఫోను మామగారి చేతిలో పెట్టేస్తావు. ఆయన అడిగితే నేను కాదనలేను. అందుకే కాగితం పట్టుకున్నాను. పత్తి ఏరడానికి కూలీలు దొరకక అమ్మ ఉదయం నుంచి విసుక్కుంటోంది. నేను తీరిగ్గా కూర్చుని ఉత్తరం రాయడం చూస్తే ఆ విసుగంతా నా మీదికి మళ్లుతుంది. కాబట్టి మధ్యలో నేను ఒక్కసారిగా మాయమైతే బత్తాయి తోటలో దాక్కున్నానని అర్థం చేసుకో.

ముందు జవాబు చెప్పేస్తాను, తర్వాత తిట్టుకుంటూ మిగిలింది చదువు. నువ్వూ చెల్లెలూ వెళ్లండి. మామగారిని మాత్రం ఇప్పుడు తీసుకెళ్లకండి. షుగరు, గుండెకు స్టెంటు ఉన్న మనిషి. సముద్రం ఎక్కడికీ పోదు.

ఓడలో పనిచేశానంటే మా ఊళ్లో ఒకప్పుడు, “సాగర్ లాంచీ లాంటిదా?” అని అడిగేవారు. అక్టోబరులో మత్తుమందుల కోసం ముంబయి ఓడ మీద అధికారులు దాడి చేసి, టీవీలవాళ్లు వారాల తరబడి దాన్నే చూపించాక, “నీది ఆ ఓడేనా?” అని గొంతు తగ్గించి అడుగుతున్నారు. నేను వేరే ఓడలో కూరగాయలు తరిగానని చెబితే ఎవరికీ రుచించడం లేదు. ఒక పెళ్లి సంబంధం కూడా ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. పోనీలే, ఆ అమ్మాయికి మంచే జరిగింది.

నువ్వు అడిగింది, “ఓడలో అంత శుభ్రంగా ఉంటుందంటారు కదా, ఇంక భయమెందుకు?” అని. ఆ శుభ్రత మాట నిజం. ఓడ వంటింటికి కరోనా కొత్త కావచ్చు కానీ అంటువ్యాధి కొత్త కాదు. మాకు తెలిసిన శత్రువు పేరు నోరోవైరస్. వాంతులు, విరేచనాలు. ఒక్కరికి మొదలైతే రెండు రోజుల్లో ఒక డెక్కు, అంటే ఓడలో ఒక అంతస్తు, మొత్తం పడకేస్తుంది. దానికోసమే గ్యాలీలో, అంటే మా వంటింట్లో, పనిచేసే ప్రతి చోటా మూడు బకెట్లు ఉంటాయి. ఎర్ర బకెట్‌లో సబ్బునీళ్లు, బూడిదరంగు బకెట్‌లో మంచినీళ్లు, తెల్ల బకెట్‌లో క్లోరిన్ నీళ్లు. బల్లను ఈ వరుసలోనే తుడవాలి, వరుస తప్పకూడదు. అమెరికా రేవుల్లో ఆరోగ్య శాఖ తనిఖీకి వస్తారు. 100కు 86 మార్కులు రాకపోతే ఫెయిలు. ఇన్‌స్పెక్టరు తెల్ల బకెట్‌లో చిన్న కాగితపు పట్టీ ముంచి రంగు చూస్తాడు. పట్టీ రంగు తేలిపోయిందంటే మా చెఫ్ ముఖం కూడా తేలిపోయేది. ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు.

కానీ ఇదంతా చేతులకు, బల్లలకు, గరిటెలకు చేసే కాపలా. కరోనా గాలిలో వచ్చింది. మేము తలుపు దగ్గర కర్ర పట్టుకుని నిలబడితే అది కిటికీలోంచి దూరింది. అదీ కిటికీలు లేని గదుల్లోకి.

2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యోకొహామా రేవులో ఆగిపోయిన డైమండ్ ప్రిన్సెస్ నీకు గుర్తుండే ఉంటుంది. ఓడలో 3,711 మంది. వారిలో 712 మందికి సోకింది. మనదేశంవాళ్లు 138 మంది ఉంటే, అందులో 132 మంది సిబ్బందే. ప్రయాణికులను గదులు దాటి రావద్దన్నారు. బాగానే ఉంది. మరి వాళ్ల గుమ్మం దగ్గరికి పూట పూటా భోజనం ఎలా వస్తుంది? మాలాంటివాడు వండాలి, మాలాంటివాడే మోయాలి. ఆ తర్వాత ఇద్దరిద్దరు పడుకునే గదికి వెళ్లి నిద్రపోవాలి. సిబ్బందిలో మొదట బయటపడిన 20 కేసులను పరిశీలిస్తే 15 మంది భోజనాల విభాగంవాళ్లేనని తేలింది. 16 మంది గదులు ఒకే డెక్కులో, మూడో డెక్కులో ఉన్నాయి. ఈ లెక్క చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేయలేదు బావా. నా గది కూడా అలాంటిదే. నీటిమట్టం కన్నా కింద, ఒకరి మీద ఒకరికి మంచాలు, చేయి చాపితే ఎదుటి గోడ. పైనవాడు దగ్గితే కిందవాడి దుప్పటి కదిలేది.

అందుకే ఓడలు మళ్లీ మొదలయ్యాయనే వార్త వచ్చినప్పుడల్లా నేను ప్రయాణికులకు ఏం నిబంధనలు పెట్టారో చూడను. సిబ్బందిని ఎక్కడ పడుకోబెడుతున్నారో చూస్తాను. నార్వేలో రోల్డ్ అముండ్సెన్ అనే ఓడ 2020 జులైలోనే తొందరపడింది. విదేశాల నుంచి వచ్చిన సిబ్బందిని క్వారంటైన్‌లో ఉంచకుండానే పనిలో పెట్టారు. జులై చివరికి సిబ్బంది ఆసుపత్రి పాలయ్యారు, ప్రయాణికులు అప్పటికే దిగి ఊళ్లకు వెళ్లిపోయారు. ఆ దేశం పెద్ద ఓడలకు రేవులు మూసేసింది.

ఇటలీవాళ్లు నయం. 2020 ఆగస్టు 16న జెనోవా నుంచి ఎంఎస్‌సీ గ్రాండియోసా బయలుదేరింది. ఎక్కేముందే అందరికీ పరీక్ష. ఊళ్లు చూడాలంటే ఓడవాళ్లు ఏర్పాటు చేసిన బృందంతోనే దిగాలి, సొంతంగా తిరగకూడదు. నేపుల్స్ దగ్గర ఒక కుటుంబం బృందాన్ని వదిలి తమ దారిన తాము షికారు చేసి వచ్చింది. వాళ్లను తిరిగి ఎక్కనివ్వలేదు! నాకు ఆ కుటుంబం మీద జాలి కన్నా ఓడవాళ్ల మీద గౌరవమే ఎక్కువ కలిగింది. ఇప్పుడు నిజం చెప్పు, గోవాలో మామగారిని బృందం వెంట నడిపించగలవా? యాదగిరిగుట్టలో క్యూ వదిలేసి ఎవరో పాత విద్యార్థి కనిపించాడని వెళ్లిపోయిన మనిషి ఆయన.

సింగపూర్ కథ ఇంకో రకం. 2020 డిసెంబరులో క్వాంటమ్ ఆఫ్ ది సీస్ అని ఒక ఓడను ఎక్కడా ఆగకుండా సముద్రంలో తిప్పి మళ్లీ అదే రేవుకు తెచ్చేవారు. ఒకసారి 83 ఏళ్ల పెద్దాయనకు ఓడలోనే పరీక్ష చేస్తే పాజిటివ్ అని వచ్చింది. ఓడ వెనక్కి తిరిగింది, అందరూ గదుల్లో తలుపులు వేసుకున్నారు. తీరా ఒడ్డుకు చేరాక మళ్లీ మళ్లీ పరీక్షిస్తే నెగెటివ్! ఆయనకు ఏమీ లేదు. నవ్వొస్తుంది కానీ, ఓడవాళ్లు చేసింది సరైన పనే. సముద్రం మధ్యలో ఉన్న డాక్టరు అనుమానం వస్తే ఆగాలి, తేలాక నవ్వుకోవచ్చు. నువ్వు ఆలోచించాల్సింది వేరే. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి పరీక్ష ఫలితం మీద నీ సెలవులన్నీ ఆధారపడి ఉంటాయి.

అమెరికా సంగతి చెబితే పెద్ద పురాణం. 2020 మార్చి 14న ఓడలు కదలొద్దన్నారు, అక్టోబరు 30న షరతుల మీద కదలవచ్చన్నారు, ఆ షరతులు తీరి డబ్బిచ్చిన ప్రయాణికులతో మొదటి పెద్ద ఓడ ఫ్లోరిడా నుంచి బయలుదేరేసరికి 2021 జూన్ 26. మధ్యలో ఫ్లోరిడా రాష్ట్రం కోర్టుకెక్కింది. టీకా పత్రం అడగడానికి వీల్లేదని రాష్ట్రం, అది లేకపోతే ఎలా అని ఓడవాళ్లు. ఆ షరతుల్లో నాకు నచ్చింది ఒకటుంది. స్వచ్ఛందంగా వచ్చినవాళ్లను ఎక్కించుకుని ఉత్తుత్తి ప్రయాణం చేసి చూపించాలి. భోజనాలు, వినోదాలు, ఎవరికైనా జబ్బు చేస్తే వేరుచేసే ఏర్పాట్లు, అన్నీ నిజంగా ఉన్నట్టే. లేదంటే సిబ్బందిలో 98 శాతానికి, ప్రయాణికుల్లో 95 శాతానికి టీకాలు పూర్తయి ఉండాలి.

ఆ టీకా దగ్గరే నా బండి ఆగింది. నువ్వు, “ఓడలు తిరుగుతున్నాయిగా, ఇంకా ఇంట్లో ఏం చేస్తున్నావు?” అని అడిగినప్పుడల్లా మాట మార్చాను. ఇప్పుడు విను. సాగర్ ఉప ఎన్నిక సభలకు జనం విరగబడి, ఆ వెంటనే మన జిల్లాలో ఇంటింటా దగ్గులు మొదలయ్యాక, నా వంతు రాగానే ఆసుపత్రిలో ఏ టీకా ఉంటే అది వేయించుకున్నాను. కోవాగ్జిన్ ఉంది. హైదరాబాద్ పక్కన జీనోమ్ వ్యాలీలో తయారైన మందు, మన ఇంటి మందు అని గర్వంగా చేయి చాపాను. ఏజెంటు సర్టిఫికెట్ చూసి, “ఇది ఇంకా డబ్ల్యూహెచ్‌ఓ జాబితాలో లేదు” అన్నాడు. కోవిషీల్డ్ వేయించుకున్న నా స్నేహితులకు మొదట 84 రోజుల ఎడం అడ్డొచ్చింది. జూన్‌లో కేంద్రం విదేశీ ఉద్యోగాలకు వెళ్లేవారికి 28 రోజులకే రెండో డోసు ఇవ్వవచ్చని సడలించాక వాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. నేను ఇక్కడ బత్తాయి చెట్లకు పాదులు తీస్తూ ఫోన్‌లో వాళ్ల ఫొటోలు చూశాను.

ఈ నెల 3న డబ్ల్యూహెచ్‌ఓ కోవాగ్జిన్‌కు ఆమోదం తెలిపింది. 8 నుంచి అమెరికా కూడా ఆ జాబితాలోని టీకాలు వేసుకున్నవారిని రానిస్తోంది. దీపావళి రోజు పొద్దున్నే ఏజెంటుకు ఫోన్ చేస్తే, ఆయన పండగ శుభాకాంక్షల కన్నా ముందు నా సీడీసీ, అంటే ఓడ ఉద్యోగుల గుర్తింపు పుస్తకం, గడువు ఎప్పటివరకో అడిగాడు. కోవిన్ సర్టిఫికెట్‌కు పాస్‌పోర్టు నంబరు జతచేయాలి, మెడికల్ మళ్లీ చేయించుకోవాలి, వీసాకు తేదీ దొరకాలి. వెళ్లాక మొదట హోటల్ గదిలో ఒంటరిగా కూర్చోబెడతారట. ఈసారి గదికి ఒక్కరినే ఉంచుతారా, ఇద్దరినా అని అడిగాను. “చూద్దాం” అన్నాడు. ఏజెంటు చూద్దామన్నాడంటే ఇద్దరనే అర్థం.

నువ్వు ఇలా అనుకోవచ్చు: ఇంత తెలిసి మళ్లీ నువ్వెందుకు పోతున్నావు? అప్పు ఉంది కాబట్టి. 2020లో మార్చి నెలలోనే ప్రయాణికులందరినీ దించేసినా మమ్మల్ని దింపడానికి నెలలు పట్టింది. ఓడ సిబ్బంది మామూలు విమానాలు ఎక్కకూడదన్నారు, చివరికి ఓడే మమ్మల్ని మోసుకొచ్చి ముంబయిలో వదిలింది. పాలమూరు వలస కూలీలు ఆ ముంబయి నుంచే లారీల్లో, రైళ్లలో ఇళ్లు చేరుకున్న వేసవి అది. ఆ ఏడాది చివరికి ప్రపంచం మొత్తం మీద నాలుగు లక్షల మంది నావికులు గడువు దాటాక కూడా ఓడల్లోనే ఉండిపోయారని అంతర్జాతీయ నౌకాయాన సంస్థ చెప్పింది. వాళ్లతో పోలిస్తే నేను అదృష్టవంతుణ్ని. కానీ ఓడ కదలకపోతే జీతం కదలదు. నాకు ఎక్కడం అవసరం, మామగారికి అది సరదా. అవసరానికి తెగించవచ్చు, సరదాకు ఎందుకు?

ఇక నీ సంగతి. సెప్టెంబరు 18న మొదలైన ఈ కార్డీలియా ఓడ ప్రయాణాల టికెట్లు ఐఆర్‌సీటీసీలోనే దొరుకుతున్నాయి కాబట్టి కొనడం తేలిక. కొనేముందు ఎవరికైనా పాజిటివ్ వస్తే డబ్బు తిరిగి ఇస్తారా, ఇంకో తేదీకి మారుస్తారా అన్న షరతులు చదువు. నువ్వు చదవవని నాకు తెలుసు, చెల్లెలితో చదివించు. చవకని లోపలి గది తీసుకోకు. బాల్కనీ గది తీసుకో. తలుపు తీస్తే బయటి గాలి వస్తుంది, ఖర్మకాలి గదిలో ఉండమన్నా ఆకాశం కనిపిస్తుంది. బఫే దగ్గర గరిటె నీ చేతికి ఇస్తే ఆ పూట అక్కడ తినకు, సిబ్బంది వడ్డించే చోట తిను. వాళ్లను త్వరగా వడ్డించమని కసురుకోకు కూడా, మాస్కు పెట్టుకుని ఆవిర్ల మధ్య నిలబడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఇంకొకటి. ఎక్కగానే మస్టర్ డ్రిల్ ఉంటుంది, ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో చూపించేది. ఇదివరకు అందరినీ ఒకేసారి డెక్కు మీదికి పిలిచి భుజాలు రాసుకునేలా నిలబెట్టేవారు. ఇప్పుడు గుంపు కూడదని చాలా ఓడల్లో టీవీలో చూసి, ఎవరికి వారు వెళ్లి చోటు చూసుకుని రమ్మంటున్నారు. ఎవరూ చూడటం లేదు కదా అని ఎగ్గొట్టవద్దు. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా ఒరిగిపోయినప్పుడు ఆ రోజే ఎక్కినవాళ్లకు ఇంకా డ్రిల్ జరగలేదు. 32 మంది పోయారు. జబ్బుకు భయపడి సముద్రాన్ని మరిచిపోకూడదు.

మామగారి కోసం ఒక ఉపాయం ఉంది. ఇది కార్తీక మాసం, ఈ ఏడు సాగర్ నిండింది. సాగర్ నుంచి శ్రీశైలానికి లాంచీ నడుస్తోందేమో కనుక్కుంటాను. నూటపది కిలోమీటర్ల దారి, రెండు వైపులా నల్లమల కొండలు. పొద్దున ఎక్కితే సాయంత్రానికి దిగిపోతాం. లాంచీలో నాలుగు వైపులా గాలి వీస్తుంది, రాత్రి ఎవరి పక్కనా పడుకోనక్కర్లేదు. మల్లన్న దర్శనం అంటే ఆయన ఓడ మాట ఎత్తనే ఎత్తరు. లాంచీ లేకపోతే సోమశిల వైపు వెళ్దాం. నువ్వు శనివారం సెలవు పెట్టు. మామగారి మందుల డబ్బా, రెండు డోసుల సర్టిఫికెట్ చెల్లెలిని మరిచిపోవద్దను. అన్నం నేను వండి తెస్తాను, పులిహోర. ఓడ వంటవాడు చేసిందని ఆయనకు ముందే చెప్పు, మోజు కొంత తీరుతుంది.

వీసాకు తేదీ ఖరారు కాకముందే ఈ పని కావాలి. అమ్మ పిలుస్తోంది, గొంతు బాగా పెరిగింది. ఉంటాను.

నీ
బావ